ఐఎస్ఓ ఫైల్లో అయిదున్నర గంటలు ఎక్కడ దాక్కుంటాయి

పెళ్లి విజయవాడలో, మే నెలలో, ముహూర్తం తెల్లవారుజామున. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో సరిగ్గా 4:12కి తీశారనుకుందాం. ఆ ఫొటోలన్నిటినీ అక్కడే ఒక ఐఎస్ఓ ఇమేజ్‌గా (సీడీ, డీవీడీ మీద ఉండేదంతా ఒకే ఫైల్‌లో పెట్టే పద్ధతి) చేసి న్యూజెర్సీలో ఉన్న చిన్నాన్నగారికి పంపితే, ఆయన కంప్యూటర్లో అదే ఫైల్ ముందురోజు సాయంత్రం 6:42 అని కనబడుతుంది. ముహూర్తం రాకముందే పెళ్లయిపోయిందన్నమాట! అదే ఫొటోలను మామూలు జిప్ చేసి పంపితే మాత్రం చాలాసార్లు 4:12 అనే వస్తుంది. దాంతో చూసినవాళ్లెవరైనా జిప్ కరెక్ట్, ఐఎస్ఓ తప్పు అనేస్తారు.

జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. విజయవాడలో తెల్లవారుజామున 4:12 అయినప్పుడు న్యూజెర్సీలో నిజంగానే ముందురోజు సాయంత్రం 6:42 (మే నెలలో రెండింటికీ తేడా తొమ్మిదిన్నర గంటలు). ఐఎస్ఓ ఆ క్షణాన్ని సరిగ్గా మోసుకెళ్లింది. జిప్ మాత్రం ఎక్కడి టైమో చెప్పకుండా 4, 12 అనే రెండు అంకెల్ని మోసుకెళ్లింది, అవి అదృష్టం కొద్దీ మనం చూడాలనుకున్న అంకెలే అయ్యాయి. డిస్క్ ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌స్టాంప్ గొడవలు సగానికి సగం ఇక్కడే పుడతాయి: గోడ గడియారం మీద కనబడిన అంకెలు ఒకటి, అసలు ఆ క్షణం ఇంకొకటి, ఈ రెండింటినీ కలిపే టైమ్ జోన్ మూడోది. ఈ మూడింట్లో ఏ రెండు ఉన్నా మూడోది లెక్కగట్టొచ్చు, ఒక్కటే ఉంటే మాత్రం మిగతావి ఊహలే.

ఏడు బైట్ల కథ

సీడీ మీద ఫైళ్లు ఎలా పెట్టాలో తేల్చుకోవడానికి కంపెనీల వాళ్లు 1985లో అమెరికాలో నెవాడాలోని ఒక హోటల్లో కూర్చున్నారు, ఆ హోటల్ పేరే పెట్టుకుని హై సియెర్రా ఫార్మాట్ అన్నారు. అందులో ఒక ఫైల్ తేదీకి ఆరు బైట్లు: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. టైమ్ జోన్ లేదు. అదే ఫార్మాట్ కొద్దిపాటి మార్పులతో 1988లో ఐఎస్ఓ 9660 ప్రమాణం అయ్యేసరికి ఏడో బైట్ వచ్చి చేరింది. ఒక్క బైట్ అని తీసిపారేయడానికి లేదు, చాలా ఫైల్ సిస్టమ్‌లు (డిస్క్ మీద ఫైళ్లు పెట్టే పద్ధతులు) ఆ పని చెయ్యనే లేదు.

ఆ ఏడో బైట్‌లో ఉండేది గ్రీన్‌విచ్ టైమ్‌కి ఎంత తేడా అన్నది, పావుగంటల్లో. తూర్పుకి ప్లస్, పడమరకి మైనస్. మనకి అయిదున్నర గంటలు, అంటే 22 పావుగంటలు. కాబట్టి భారత్‌లో ఎక్కడ తయారైన ఐఎస్ఓ అయినా, లోకల్ టైమ్‌లో రాసే సాఫ్ట్‌వేర్‌తో చేస్తే, లోపల ప్రతి ఫైల్ తేదీ చివర 22 అనే అంకె ఉంటుంది. నేపాల్‌కి 23. పావుగంట చొప్పున కొలవడం వల్లే ఈ రెండు దేశాలూ ఇందులో పడతాయి, గంటల చొప్పున పెట్టి ఉంటే మనం అయిదుకో ఆరుకో సర్దుకోవాల్సి వచ్చేది. స్కూల్లో చదువుకున్న 82.5 డిగ్రీల రేఖాంశం గుర్తుందిగా, కాకినాడ దాపుల్లోంచి పోతుందని చెప్పేది, ఆ గీతే ఇక్కడ 22గా మారి కూర్చుంది: 15 డిగ్రీలకి ఒక గంట, 82.5ని 15తో భాగిస్తే అయిదున్నర.

సంవత్సరానికి ఉన్నది ఒక బైట్, 1900 నుంచి ఎన్నేళ్లు అన్న లెక్క. అంటే 2155 దాకా ఢోకా లేదు. లేదు అనుకుంటాం గానీ, లైనక్స్‌లో ఐఎస్ఓ చదివే కోడ్ చాలాకాలం ఈ బైట్‌ని సి భాషలోని క్యారెక్టర్ టైప్‌లోకి తీసుకునేది. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద ఆ టైప్ మైనస్ అంకెల్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి 127 దాటితే మైనస్‌లోకి పడిపోతుంది. 1900కి 127 కలిపితే 2027. అంటే 2028 తేదీ ఉన్న ఫైల్‌ని చూసి ఆ కోడ్ ఇది చెల్లని తేదీ అనుకుని సున్నా ఇచ్చేస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ల మీద అదే కోడ్ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ టైప్‌కి మైనస్ ఉండదు. ఒకే డిస్క్, ఒకే కోడ్, రెండు మెషిన్లలో రెండు తేదీలు. దీన్ని 2017లో సరిచేశారు, కానీ అంతకు ముందరి లైనక్స్ కెర్నల్‌తోనే (అంటే లైనక్స్ మూల కోడ్‌తోనే) ఆగిపోయిన పాత పెట్టెలు ఎక్కడైనా నడుస్తుంటే వాటికి 2028 జనవరి 1న తెలిసొస్తుంది.

ఆ సున్నా మన దగ్గర ఎలా కనబడుతుందో కూడా చెప్పుకోవాలి. యూనిక్స్ లెక్కలో సున్నా అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి, కానీ అది గ్రీన్‌విచ్ అర్ధరాత్రి. మన స్క్రీన్ మీద అది 1970 జనవరి 1, ఉదయం 5:30. ఈ తేదీ ఎక్కడ కనబడినా అది తేదీ కాదు, లోపల ఖాళీ ఉందన్న సంగతి. దీనికి అన్నలాంటిది ఇంకొకటుంది: 1899 నవంబర్ 30. ఐఎస్ఓలో ఏడు బైట్లూ సున్నాలైతే సంవత్సరం 1900, నెల సున్నా, రోజు సున్నా. సున్నా నెల అంటే ముందటి ఏడాది డిసెంబర్ అనీ, సున్నా రోజు అంటే అంతకు ముందరి నెల ఆఖరి రోజు అనీ లైబ్రరీ తనంతట తాను సర్దేస్తే ఈ తేదీ పుడుతుంది. జిప్‌లో, ఫ్యాట్‌లో (పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో ఫైళ్లు పెట్టే పద్ధతి) లెక్క 1980 నుంచి మొదలవుతుంది కనుక అక్కడ ఇదే జబ్బు 1979 నవంబర్ 30గా కనబడుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ అయితే ఇలాంటి చోట గడి ఖాళీగా వదిలెయ్యాలి, పిచ్చి తేదీ చూపించకూడదు.

ప్లస్సా మైనస్సా

అసలు తంటా అంతా ఏడో బైట్ గుర్తు దగ్గరుంది. ప్రమాణం చెప్పేది ఇది: ఆరు బైట్లలో ఉన్నది లోకల్ టైమ్, ఏడో బైట్ అనేది గ్రీన్‌విచ్ టైమ్‌కి ఎంత కలిపితే ఈ లోకల్ టైమ్ వచ్చిందో ఆ తేడా. కాబట్టి చదివేవాడు దాన్ని తీసెయ్యాలి, కలపకూడదు. చెప్పినంత తేలిగ్గా చెయ్యలేదు ఎవరూ. ఇమేజ్‌లు తయారుచేసే టూల్స్‌లో పెద్ద తలకాయ లాంటి ఎంకే-ఐసో-ఎఫ్ఎస్ కూడా 1.10 వెర్షన్‌కి ముందు ఈ గుర్తుని తిరగేసి రాసేది. లైనక్స్ కెర్నల్ కోడ్‌లో ఇప్పటికీ ఆ సంగతి ఒక వ్యాఖ్యగా ఉంది: టైమ్‌లు అడ్డదిడ్డంగా వస్తుంటే కారణం ఇదే కావచ్చు, మరీ ఎక్కువమంది గోల చేస్తే పాత డిస్కుల కోసం ఒక ఆప్షన్ పెడదాం అన్నట్టుగా.

ఈ పొరపాటు జరగడంలో వింతేమీ లేదు. యూనిక్స్ ప్రపంచంలో టైమ్ జోన్ లెక్క చాలాచోట్ల పడమరకి ప్లస్. సి లైబ్రరీలో టైమ్‌జోన్ అనే వేరియబుల్ భారత్‌కి ఇచ్చేది మైనస్ 19800 సెకన్లు. టైమ్ జోన్ చెప్పే టీజెడ్ సెట్టింగ్‌ని పాత పద్ధతిలో రాయాలంటే ఐఎస్‌టీ పక్కన మైనస్ 5:30 అని రాయాలి, చూడగానే ఎవరికైనా తప్పనిపిస్తుంది. ఆ వేరియబుల్‌ని తీసుకుని 900 సెకన్లతో భాగించి నేరుగా డిస్క్ మీద రాసేస్తే 22కి బదులు మైనస్ 22 పడుతుంది. ఫలితం? తెల్లవారుజామున 4:12 ఫొటోని అదే విజయవాడలో, సరిగ్గా చదివే సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే మధ్యాహ్నం 3:12 అని వస్తుంది. అయిదున్నర కాదు, రెండింతలు, పదకొండు గంటల తేడా. ఎక్కడైనా లెక్క సరిగ్గా పదకొండు గంటలు తప్పితే ఇంకేమీ వెతకనక్కర్లేదు, గుర్తు తిరగబడింది, అంతే.

ఇందులో మోసం ఏంటంటే, రాసే కోడ్, చదివే కోడ్ రెండూ ఒకే మనిషి రాసి రెండు చోట్లా గుర్తు తిరగేస్తే టెస్టులన్నీ శుభ్రంగా పాసవుతాయి. ఇమేజ్ చేసి, మళ్లీ తెరిచి, తేదీ కలిసిందా అని చూస్తే కలుస్తుంది. లండన్‌లో చలికాలంలో టెస్ట్ చేసినా కలుస్తుంది, అక్కడ తేడా సున్నా కాబట్టి. వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్‌తో తెరిచినప్పుడే బండారం బయటపడుతుంది.

ఒక్కో ఊళ్లో కూర్చుని రాసే ప్రోగ్రామర్‌కి ఒక్కో రకం తప్పు కనబడకుండా పోతుంది. అమెరికాలో తేడాలన్నీ నిండు గంటలే కాబట్టి ఎవరైనా తేడాని గంటల్లోకి తీసుకుని అరగంట కొట్టేసినా అక్కడ ఎప్పటికీ తెలియదు, మన దగ్గర మాత్రం 22కి బదులు 20 పడి 4:12 కాస్తా 4:42 అవుతుంది. హైదరాబాద్‌లో రాసేవాళ్లకి ఇంకో గుడ్డితనం: మన తేడా ప్లస్సే కాబట్టి, ఆ బైట్‌ని మైనస్ లేని అంకెగా చదివినా ఏమీ చెడదు. అదే కోడ్ న్యూయార్క్ చలికాలం డిస్క్‌ని చదివితే మైనస్ 20 అనేది 236గా, అంటే మైనస్ 5 గంటలకి బదులు ప్లస్ 59 గంటలుగా కనబడి, టైమ్ 64 గంటలు తప్పుతుంది, అంటే రెండు రోజుల పైమాట. పైగా మనకి ఎండాకాలంలో గడియారం గంట ముందుకి జరపడం అనే అలవాటు లేదు (రెండో ప్రపంచయుద్ధం లాంటి యుద్ధాల రోజుల్లో తప్ప), కాబట్టి ఆ గంట వల్ల వచ్చే తప్పులు మన టెస్టుల్లో పడనే పడవు. ఇమేజ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కనీసం మూడు ఊళ్ల టైమ్ పెట్టి చూడాలి: కోల్‌కతా, న్యూయార్క్, కాఠ్మండూ. లండన్‌తో టెస్ట్ చేయడం అంటే సున్నాతో కూడిక చేసి లెక్క వచ్చిందనుకోవడమే.

న్యూయార్క్ సంగతిలో ఇంకొక మెలిక ఉంది. జనవరిలో తీసిన ఫైల్‌ని జులైలో ఇమేజ్‌లో పెడుతుంటే ఏడో బైట్‌లో ఏ తేడా రాయాలి, జనవరిదా, ఈరోజుదా? ఆ ఫైల్ తేదీకి ఆ ఊళ్లో ఏ తేడా అమల్లో ఉందో అదే రాయాలి, అంటే మైనస్ 20. ఈరోజు లెక్కన మైనస్ 16 పెట్టి, గంటని కూడా దానికి తగ్గట్టు మార్చి రాస్తే క్షణం మారదు, తప్పు కాదు. గంటని జనవరి లెక్కలో, తేడాని జులై లెక్కలో రాస్తేనే గంట తేడా వస్తుంది. పాత విండోస్‌లో ఎండాకాలం రాగానే ఫైళ్ల తేదీలన్నీ ఒక గంట జరిగినట్టు కనబడేవి కదా, అది ఈ కుటుంబానికి చెందిన జబ్బే, అందుకే విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీలో ఆ ఒక గంట తేడాని పట్టించుకోవద్దని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక స్విచ్ పెట్టారు. నవంబర్‌లో గడియారం వెనక్కి తిప్పే రాత్రి అర్ధరాత్రి దాటాక 1:30 రెండుసార్లు వస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చూపగలిగేది ఏడో బైటే. మామూలు జిప్ తేదీకి, ఫ్యాట్‌కి అది సాధ్యం కాదు.

ప్రమాణం ప్రకారం ఈ బైట్ మైనస్ 48 నుంచి ప్లస్ 52 దాకానే ఉండాలి, అంటే పడమరకి 12 గంటలు, తూర్పుకి 13 గంటలు. 1988లో అది ప్రపంచానికి దాదాపు సరిపోయింది. తర్వాత 1995 ఆరంభంలో పసిఫిక్‌లోని కిరిబాతి దేశం తన తూర్పు దీవుల్ని తేదీ రేఖకి ఇవతలికి లాక్కుని ప్లస్ 14కి వెళ్లిపోయింది. 14 గంటలంటే 56. ప్రమాణంలో చోటు లేదు. న్యూజిలాండ్ పక్కనున్న చాథమ్ దీవులకి ఎండాకాలంలో 13:45, అంటే 55, అదీ పట్టదు. లైనక్స్ అయితే 52 దాటితే ఆ బైట్‌ని నమ్మదు, పక్కన పెట్టేస్తుంది. అందుకే ఐఎస్ఓలు తయారుచేసే లిబ్-ఐసోఎఫ్ఎస్ లైబ్రరీలో అన్నీ గ్రీన్‌విచ్ టైమ్‌లోనే రాసెయ్ అనే ఆప్షన్ ఉంది, తమ టైమ్ జోన్ ఎవరికీ తెలియకూడదనుకునేవాళ్లకి, ఈ ప్రమాణంలో పట్టని చోట్ల ఉండేవాళ్లకి అని దాని వివరణలోనే రాశారు. మొదటి కారణం తేలిగ్గా తీసుకునేది కాదు. పేరు దాచుకుని ఒక ఇమేజ్ బయటపెట్టినవాళ్లని ఆ 22 పట్టిచ్చేస్తుంది: ఇది చేసింది భారత్‌లోనో శ్రీలంకలోనో అని.

పావుగంటల్లో పట్టనివి ఇంకా ఉన్నాయి, కాస్త సరదాగానే. 1906కి ముందు మన కోస్తా, రాయలసీమ ప్రాంతాలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో నడిచింది మద్రాసు టైమ్, గ్రీన్‌విచ్‌కి 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. టైమ్ జోన్ల డేటాబేస్‌లో కోల్‌కతా పేరు కింద ఆ కాలానికి ఇదే అంకె ఉంది. ఎవరైనా తాతగారి కాలం నాటి ఫొటో స్కాన్ చేసి ఫైల్ తేదీని ముచ్చటపడి 1903 అని పెడితే, ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఆ తేడాని పావుగంటల్లోకి కుదించి 21 అని రాస్తుంది, 6 నిమిషాల 10 సెకన్లు గాల్లో కలిసిపోతాయి. ఎవరికీ నష్టం లేదనుకోండి.

డిస్క్ మొత్తానికి ఒక తేదీ, దాన్నే పేరుగా వాడుకోవడం

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఒక్కో ఫైల్ తేదీ. ఇమేజ్ మొత్తానికి వేరే తేదీలున్నాయి, నాలుగు: తయారైనది, మార్చినది, గడువు తీరేది, అమల్లోకి వచ్చేది. చివరి రెండూ పట్టించుకునేవాళ్లు దాదాపు లేరు. వీటిలో ఒక్కోటి 17 బైట్లు, ముందు 16 అంకెలు మామూలు అక్షరాలుగా, సెకనులో నూరో వంతు దాకా, ఆ తర్వాత అదే టైమ్ జోన్ బైట్. తేదీ చెప్పడం ఇష్టం లేకపోతే 16 సున్నా అక్షరాలు, చివర నిజమైన సున్నా బైట్ పెట్టాలి. తొందరపాటు కోడ్ అయితే 16 సున్నాలు పెట్టి చివర అలవాటుగా 22 పెట్టేస్తుంది, అప్పుడది ఖాళీ కాదు, అర్థంలేని తేదీ.

అసలు కథ మార్చిన తేదీది. లైనక్స్‌లో డిస్కుల్ని గుర్తుపట్టే బీఎల్‌కేఐడీ, కంప్యూటర్‌ని బూట్ చేసే గ్రబ్, ఈ రెండూ ఐఎస్ఓకి ప్రత్యేక గుర్తింపు నంబర్‌గా వాడేది ఈ 16 అంకెల్నే, మధ్యలో గీతలు పెట్టి. అంటే ఐఎస్ఓ యూయూఐడీ (ఆ గుర్తింపు నంబర్) అనేది ఆ మార్చిన టైమే. గ్రబ్‌తో చేసిన రెస్క్యూ ఇమేజ్ పెన్‌డ్రైవ్ మీద లేచాక, తన మిగతా ఫైళ్లు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో ఈ నంబర్ పట్టుకుని వెతుక్కునే పద్ధతి ఉంది. ఇందులో టైమ్ జోన్ బైట్‌కి పాత్ర లేదు, అంకెలు మాత్రమే లెక్క.

ఇప్పుడు ఒక ఇమేజ్ ఎడిటర్ ఉందనుకుందాం, మంచి ఉద్దేశంతోనే, తెరిచిన ప్రతి ఇమేజ్‌లో తేదీల్ని గ్రీన్‌విచ్‌లోకి మార్చి భద్రం చేస్తుంది. 5:30 తీసేసి చివర సున్నా పెట్టింది. క్షణం మారలేదు, లెక్క ప్రకారం ఒక్క సెకను కూడా తేడా లేదు. అయినా యూయూఐడీ మారిపోయింది, బూట్ ఆగిపోయింది. లేదా ఇంకా మామూలుగా, ఒక ఫైల్ కలిపి సేవ్ చేస్తే మార్చిన తేదీ కొత్తది పడింది, అదీ న్యాయమే, బూట్ మాత్రం పోయింది. ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఇక్కడ తెలివితేటలు చూపించకూడదు. ఉన్న బైట్లని ఉన్నట్టు ఉంచి, మార్చమని అడిగినప్పుడే మార్చాలి. తేదీని పేరుగా వాడుకోవడం అంత గొప్ప ఆలోచన కాదు నిజమే, కానీ ఐఎస్ఓలో వేరే గుర్తింపు నంబర్‌కి చోటు లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు.

ఒకే ఇమేజ్‌లో ఎన్ని గడియారాలు

ఒక బూట్ ఐఎస్ఓ తెరిస్తే ఉల్లిపాయలా పొరలు వస్తాయి. ఐఎస్ఓ 9660 డైరెక్టరీ ఒకటి, పొడుగు పేర్ల కోసం విండోస్ చదివే జోలియెట్ డైరెక్టరీ ఒకటి, రెండిట్లోనూ అవే ఏడు బైట్లు. యూనిక్స్, లైనక్స్ వాళ్ల కోసం రాక్ రిడ్జ్ అనే అదనపు పొర, దాంట్లో ఒక ఫైల్‌కి తయారైనది, మారినది, చదివినది అని వేర్వేరు తేదీలు పెట్టుకోవచ్చు, ఏడు బైట్ల రూపంలోనో పదిహేడు బైట్ల రూపంలోనో. ఐఎస్ఓ 9660 ప్రమాణం ప్రకారం ఫైల్‌కి ఉన్న ఒక్క తేదీ రికార్డ్ చేసిన తేదీ, అంటే డిస్క్ మీదికి ఎక్కించినది. కానీ సాఫ్ట్‌వేర్ చాలావరకు అక్కడ ఫైల్ చివరిసారి మారిన తేదీనే పెడుతుంది, చూసేవాళ్లకి కావలసింది అదే కాబట్టి. ఇమేజ్ తయారుచేసే టూల్ రాక్ రిడ్జ్‌లో ఒక తేదీ, జోలియెట్‌లో ఒక తేదీ పెడితే లైనక్స్‌కి ఒకటి, విండోస్‌కి ఒకటి కనబడతాయి, ఎవరిదీ అబద్ధం కాదు.

యూఈఎఫ్ఐ (కొత్త కంప్యూటర్లు లేచే పద్ధతి) బూట్ కోసం అదే ఐఎస్ఓ కడుపులో చిన్న ఫ్యాట్ ఇమేజ్ ఉంటుంది. ఫ్యాట్‌కి టైమ్ జోన్ అన్నది తెలియదు, లోకల్ టైమ్ అంకెలు రెండేసి సెకన్ల ముక్కల్లో, 1980 నుంచి 2107 దాకా. కెమెరా కార్డుల్లో ఉండేదీ ఇదే, లేకపోతే దాని తమ్ముడు ఎక్స్‌ఫ్యాట్. ఎక్స్‌ఫ్యాట్‌కి బుద్ధొచ్చింది, పావుగంటల్లో తేడా రాసే బైట్ పెట్టుకుంది, పైగా ఆ తేడా నమ్మదగినదా కాదా అని చెప్పే బిట్ కూడా ఉంది, దాంతో కలిపితే మన దేశానికి ఆ బైట్ 150 అవుతుంది. మళ్లీ పెళ్లి ఫొటోకి వస్తే, ఫ్యాట్ కార్డుని విజయవాడ లాప్‌టాప్‌లో పెడితే 4:12 అనేది మన టైమ్‌గా అర్థమవుతుంది. అదే కార్డుని జేబులో వేసుకెళ్లి న్యూజెర్సీ కంప్యూటర్లో పెడితే అది న్యూజెర్సీ 4:12 అయిపోతుంది. ఒకే ఫొటో రెండు దారుల్లో వెళ్లి తొమ్మిదిన్నర గంటల తేడాతో రెండు ఫొటోలు అయింది. ఫొటో లోపల కెమెరా రాసే ఎగ్జిఫ్ వివరాల్లో ఉన్న టైమ్ అయినా కాపాడుతుందా అంటే, అందులో టైమ్ జోన్ రాసుకునే గడి 2016లో 2.31 వెర్షన్‌తో గానీ రాలేదు. ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌కి చేతిలోకి వచ్చేసరికే తేదీ చెడి ఉంటే ఎంత జాగ్రత్తగా 22 రాసినా ప్రయోజనం లేదు, చెడిన తేదీని చక్కగా భద్రపరిచినట్టు అవుతుంది.

డీవీడీల దగ్గర్నుంచి వచ్చిన యూడీఎఫ్ ఫార్మాట్‌లో పద్ధతి వేరు. తేదీకి 12 బైట్లు, మైక్రోసెకన్ల దాకా. టైమ్ జోన్ పావుగంటల్లో కాదు, నిమిషాల్లో, 12 బిట్లలో, మైనస్ 1440 నుంచి ప్లస్ 1440 దాకా. మనకి 330. మైనస్ 2047 అంటే చెప్పలేదు అని అర్థం. ఐఎస్ఓలో లేని మంచి గుణం ఇది: సున్నా అంటే గ్రీన్‌విచ్, తెలియదు అంటే తెలియదు, రెండూ వేరు. ఐఎస్ఓలో ఏడో బైట్ సున్నా ఉంటే అది నిజంగా గ్రీన్‌విచ్ టైమో, టైమ్ జోన్ పట్టించుకోని సాఫ్ట్‌వేర్ లోకల్ టైమ్ రాసి వదిలేసిందో చెప్పే దారి లేదు. కాకపోతే యూడీఎఫ్‌కి తన గుంటలు తనకున్నాయి. 12 బిట్ల మైనస్ అంకెని 16 బిట్లలోకి సాగదీసేటప్పుడు గుర్తు మరిచిపోతే న్యూయార్క్ మైనస్ 300 కాస్తా 3796 నిమిషాలవుతుంది, అంటే 63 గంటల 16 నిమిషాలు, దాంతో టైమ్ 68 గంటల 16 నిమిషాలు తప్పుతుంది. ఆ మైనస్ 2047ని నిజం తేడా అనుకుని లెక్కేస్తే 34 గంటల 7 నిమిషాలు. ఈ వింత అంకెలు గుర్తుపెట్టుకుంటే మంచిది, ఎందుకంటే ఏ తప్పు జరిగిందో తేడా అంకే చెప్పేస్తుంది.

ఇన్ని పొరల్లో సెకన్ల ముక్కలు కూడా కలవవు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో సెకనులో కోటో వంతు దాకా ఉంటుంది, 1601 నుంచి గ్రీన్‌విచ్ లెక్కలో. ఐఎస్ఓ ఫైల్ తేదీలో సెకనే ఆఖరు, ఫ్యాట్‌లో రెండు సెకన్లు. బ్యాకప్‌ని ఇమేజ్‌తో పోల్చి చూసే ప్రోగ్రామ్ తేదీల్ని అచ్చంగా కలవాలని పట్టుబడితే ప్రతి ఫైలూ మారినట్టే కనబడుతుంది. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌లో మాడిఫై విండో అనే ఆప్షన్, రోబోకాపీలో ఫ్యాట్ టైమ్ లెక్క స్విచ్ ఇందుకే ఉన్నాయి.

ఒకే సోర్స్, రెండు ఊళ్లు, రెండు హ్యాష్‌లు

ఈమధ్య ఇదంతా మళ్లీ ముందుకొచ్చింది రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ వల్ల. ఒకే సోర్స్ కోడ్ నుంచి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ఇమేజ్ కట్టినా బైట్ బైట్‌కి కలవాలి, అప్పుడే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని రుజువు. దానికోసం సోర్స్ డేట్ ఈపాక్ అనే సెట్టింగ్ పెట్టుకున్నారు, గ్రీన్‌విచ్ లెక్కలో 1970 నుంచి ఇన్ని సెకన్లు అని ఒక అంకె. టూల్స్ ఇప్పటి టైమ్‌కి బదులు ఆ అంకె వాడతాయి. ఐఎస్ఓలు తయారుచేసే ఎక్సోరిసో లాంటి టూల్స్ దీన్ని గౌరవిస్తాయి.

అయినా సరిపోదు. 2024 జనవరి 1 గ్రీన్‌విచ్ అర్ధరాత్రి అనే క్షణాన్ని గ్రీన్‌విచ్‌లో రాస్తే ఏడు బైట్లు 124, 1, 1, 0, 0, 0, 0. అదే క్షణాన్ని హైదరాబాద్ మెషిన్ లోకల్ టైమ్‌లో రాస్తే 124, 1, 1, 5, 30, 0, 22. రెండూ సరైనవే, రెండూ ఒకటే క్షణం, హ్యాష్ (బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) మాత్రం వేరు. సెకన్ల అంకె ఒకటే ఇచ్చినా, రాసేముందు సాఫ్ట్‌వేర్ దాన్ని లోకల్ టైమ్‌లోకి మారిస్తే బిల్డ్ చేసినవాళ్ల ఊరు ఇమేజ్‌లోకి జొరబడుతుంది. లోపలి ఫ్యాట్ ఇమేజ్‌లో అయితే మరీ, తేడా బైట్ కూడా లేకుండా ఊరి టైమ్ మాత్రమే పడుతుంది, పైగా ఫ్యాట్ తయారుచేసే టూల్ వాల్యూమ్ నంబర్‌ని కూడా అప్పటి టైమ్ నుంచే తీసుకుంటుంది, ఏదీ చెప్పకపోతే. అందుకే బిల్డ్ స్క్రిప్టుల్లో పైనే టీజెడ్‌ని యూటీసీ (అంటే గ్రీన్‌విచ్ టైమే) అని పెట్టి మొదలెడతారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇమేజ్ టూల్‌లోనూ లోకల్ టైమ్ బదులు యూటీసీ వాడమని చెప్పే స్విచ్, అన్ని ఫైళ్లకీ ఒకే టైమ్ పెట్టే స్విచ్ ఉన్నాయి.

అలా చేస్తే ఏడో బైట్ పెట్టిన ప్రయోజనమే పోయింది కదా అనొచ్చు. లైనక్స్ డిస్ట్రో ఇమేజ్‌కి పోయినా పర్లేదు, ఎవరికీ ఆ ఫైల్ ఏ ఊళ్లో ఎన్నింటికి తయారైందో అక్కర్లేదు. పెళ్లి ఫొటోలకి మాత్రం పోకూడదు. అక్కడ 4:12 అన్నదే ముఖ్యం, 22 ఉంటేనే ఆ 4:12 ఎక్కడిదో తెలుస్తుంది. ఐఎస్ఓ రెండింటినీ పక్కపక్కనే దాస్తుంది గానీ, చాలా సాఫ్ట్‌వేర్ చదవగానే చేసే మొదటి పని లోకల్ టైమ్‌ని గ్రీన్‌విచ్‌లోకి మార్చి 22ని పారెయ్యడం, ఆ తర్వాత చూసేవాళ్ల ఊరి టైమ్‌లో చూపించడం. లోపల లెక్కలకి గ్రీన్‌విచ్ వాడుకోవడం మంచిదే, పారెయ్యడమే బాగోలేదు. ఫైల్ వివరాల్లో ఒక్క లైన్ చాలు: రాసినచోట 4:12, ప్లస్ 5:30, ఇక్కడ ముందురోజు 6:42. న్యూజెర్సీ చిన్నాన్నగారికి అప్పుడు టెన్షన్ ఉండదు, ముహూర్తం తప్పలేదని ఆయనకే అర్థమవుతుంది.